అమ్మకాలు పెరిగాయా, తగ్గాయా? మందగమనంలో హోమ్ డిపో, లోవ్స్ లెక్కలు చదవడం ఎలా

అమెరికాలో ఇంటి మరమ్మతు సామగ్రి అమ్మే పెద్ద దుకాణాల గొలుసులు రెండు: హోమ్ డిపో, లోవ్స్. హోమ్ డిపో 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన వార్షిక ఫలితాల్లో మొదటి వరుస చూస్తే అమ్మకాలు 4.5 శాతం పెరిగి 159.5 బిలియన్ డాలర్లకు చేరాయి. కాస్త కిందికి వెళ్తే పాత స్టోర్ల (ఏడాదికి పైగా నడుస్తున్నవాటి) అమ్మకాలు 1.8 శాతం తగ్గాయి. ఇంకాస్త కిందికి వెళ్తే ఒక్కో షేరుపై లాభం 15.11 డాలర్ల నుంచి 14.91కి దిగింది. పక్కనే 'సర్దుబాటు చేసిన' (కొన్ని ఖర్చులు పక్కన పెట్టి లెక్కేసిన) లాభం 15.25 నుంచి 15.24, అంటే ఉన్నచోటే ఉంది. పెరిగిందన్నా, తగ్గిందన్నా, కదల్లేదన్నా అన్నీ ఆ పత్రంలో ఉన్న మాటలే. ఏ అంకెను ముందు చదవాలో తెలియకపోతే ఎవరికి కావలసిన శీర్షిక వాళ్లు పెట్టుకోవచ్చు. మార్కెట్ వార్తల్లో జరిగేదీ దాదాపు అదే.

క్లుప్తంగా

మందగమనంలో ఇంటి మరమ్మతు సామగ్రి అమ్మే కంపెనీ ఫలితాల్లోంచి మొదట కొత్తగా కొన్న కంపెనీల అమ్మకాలనూ, అదనపు వారాన్నీ తీసేయాలి. మిగిలినదాన్ని బిల్లుల సంఖ్య, బిల్లు సగటు అని రెండుగా విడగొట్టాలి. మార్జిన్ (అమ్మకంలో లాభం శాతం) తగ్గితే అందులో గిరాకీ వాటా ఎంత, కంపెనీ స్వయంగా పెట్టిన ఖర్చు ఎంత అని చూడాలి. నగదు పెరిగితే అది వ్యాపారంలోంచి వచ్చిందా, గోదాము ఖాళీ అయితే వచ్చిందా అని చూడాలి. ఇవన్నీ తేలాక ఒక ప్రశ్న మిగులుతుంది: ఆగిన పని వాయిదా పడిందా, రద్దయిందా?

వాపు ఎంత, బలుపు ఎంత

2024 ఆర్థిక సంవత్సరాన్నే దగ్గరగా చూద్దాం. హోమ్ డిపో ఏడాది జనవరి 31కి దగ్గరి ఆదివారంతో ముగుస్తుంది. 52 వారాలంటే 364 రోజులే. కాబట్టి అయిదారేళ్లకోసారి ఒక వారం అదనంగా వచ్చి చేరుతుంది. 2024 అలాంటి 53 వారాల ఏడాది. ఆ ఒక్క వారం తెచ్చిన అమ్మకాలు దాదాపు 2.5 బిలియన్ డాలర్లు, షేరుపై లాభం సుమారు 30 సెంట్లు. అదే ఏడాది జూన్‌లో 18.25 బిలియన్ డాలర్లకు ఎస్‌ఆర్‌ఎస్ డిస్ట్రిబ్యూషన్ అనే సంస్థను కొనడం పూర్తయింది. పైకప్పు సామగ్రి, తోట పనుల సరుకు, ఈతకొలను పరికరాలు కాంట్రాక్టర్లకు సరఫరా చేసే ఈ సంస్థ నుంచి మిగిలిన ఏడాదిలో 6.4 బిలియన్లు కలిశాయి.

ఇప్పుడు లెక్క సులభం. 2023లో అమ్మకాలు 152.7 బిలియన్లు, 2024లో 159.5. పెరుగుదల 6.8. అదనపు వారం, ఎస్‌ఆర్‌ఎస్ కలిపితే 8.9. చివరి వారంలో ఎస్‌ఆర్‌ఎస్ అమ్మకాలు రెండు పద్దుల్లోనూ పడతాయి కాబట్టి కొన్ని అంకెలు అటూ ఇటూ అవుతాయి. అయినా పాత వ్యాపారం సుమారు 2 బిలియన్లు కుదించుకుపోయిందన్న విషయం మారదు. పాత స్టోర్ల అమ్మకాల్లో 1.8 శాతం తగ్గుదల చెబుతున్నదీ అదే. వాపును చూసి బలుపు అనుకోవడమంటే ఇదే. షేరుపై లాభంలోనూ ఆ 30 సెంట్లు తీసేస్తే 14.61 మిగులుతుంది. అంటే తగ్గుదల 1.3 శాతం కాదు, 3.3 శాతం.

మరుసటి ఏడాది మూడో త్రైమాసికంలోనూ ఇదే తీరు. అమ్మకాలు 1.1 బిలియన్లు, అంటే 2.8 శాతం పెరిగి 41.4 బిలియన్లయ్యాయి. అందులో సుమారు 0.9 బిలియన్ కొత్తగా కొన్న జీఎంఎస్ అనే నిర్మాణ సామగ్రి సరఫరా సంస్థది, అదీ ఎనిమిది వారాల అమ్మకమే. పాత స్టోర్ల వృద్ధి 0.2 శాతం.

పాత స్టోర్ల లెక్కకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఏడాదికి పైగా నడుస్తున్న దుకాణాల్లో నిరుటితో పోలిస్తే ఎంత అమ్ముడైందో అది చెబుతుంది. కొత్త దుకాణం తెరిచినా, వేరే కంపెనీని కొన్నా ఆ తొలి ఏడాది ఇందులో కలవదు. అయితే ఒక హెచ్చరిక. కొన్న కంపెనీ ఏడాది తిరగ్గానే ఈ లెక్కలోకి వచ్చేస్తుంది. ఎస్‌ఆర్‌ఎస్ 2025 మధ్య నుంచి అలా కలిసింది. కాబట్టి అప్పటినుంచి హోమ్ డిపో 'పాత స్టోర్లు' అనే మాటలో దుకాణాలు కానివీ ఉన్నాయి.

లోవ్స్‌లో క్యాలెండర్ చిక్కు ఇంకో రకం. దాని ఏడాది జనవరి చివరికి దగ్గరి శుక్రవారంతో ముగుస్తుంది. రెండు రోజుల ఆ తేడా వల్ల లోవ్స్‌కు 53 వారాల ఏడాది 2022లో వచ్చింది, హోమ్ డిపోకు 2024లో. పైగా లోవ్స్ తన కెనడా వ్యాపారాన్ని 2023 ఫిబ్రవరిలో అమ్మేసింది. ఫలితంగా 2023లో అమ్మకాలు 97.1 బిలియన్ల నుంచి 86.4 బిలియన్లకు, 11 శాతం పడినట్టు కనిపిస్తుంది. పాత స్టోర్ల తగ్గుదల మాత్రం 4.7 శాతమే. ఈ రెండు కంపెనీలను ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టి ఏది గెలిచిందో తేల్చే వ్యాసాల్లో చాలావరకు ఈ వారం తేడాను పట్టించుకోవు.

గిరాకీ బిల్లుల్లో దాగి ఉంటుంది

పాత స్టోర్ల అమ్మకం రెండు సంఖ్యల లబ్ధం: ఎన్ని బిల్లులు పడ్డాయి, ఒక్కో బిల్లు సగటు ఎంత. ధరలు వేగంగా పెరిగే కాలంలో రెండోది మొదటిదాన్ని కప్పేస్తుంది.

2022 దీనికి మంచి ఉదాహరణ. ఆ ఏడాది హోమ్ డిపో పాత స్టోర్ల అమ్మకాలు 3.1 శాతం పెరిగాయి. విడగొట్టి చూస్తే బిల్లుల సంఖ్య సుమారు 176 కోట్ల నుంచి 167 కోట్లకు, అయిదు శాతానికి పైగా పడిపోయింది. బిల్లు సగటు 83 డాలర్ల నుంచి 90 దాటి, దాదాపు 9 శాతం పెరిగింది. దుకాణంలోకి వచ్చే చేతులు తగ్గాయి, వచ్చినవారు ఎక్కువ చెల్లించారు. 2023లో ధరల పెరుగుదల ఆగింది. బిల్లు సగటు 90 దగ్గరే నిలిచింది, బిల్లులు 162 కోట్లకు తగ్గాయి. అమ్మకాల పతనం 2023లో మొదలైందని వార్తలు రాశాయి గానీ, గిరాకీ అంతకు ఏడాది ముందే జారడం మొదలుపెట్టింది. ధరల మంచు కరిగాకే అది బయటపడింది.

కలప ఈ లెక్కను ఇంకా తికమక చేస్తుంది. 2021 మేలో కలప ఫ్యూచర్స్ (ముందస్తు ఒప్పందాల మార్కెట్ ధర) వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటింది. అదే ఏడాది ఆగస్టుకు 500 కిందికి వచ్చింది. ఒక కాంట్రాక్టర్ మేలో కొన్నంత కలపే ఆగస్టులో కొన్నా టోకు ధర ప్రకారం బిల్లు మూడో వంతుకు పడిపోతుంది. సరుకు కదలిక తగ్గలేదు, అమ్మకాల విలువ తగ్గింది. ఇందులో ఇంకో మెలిక ఉంది. కలపపై మార్జిన్ మిగతా సరుకు కంటే తక్కువ. మొత్తం అమ్మకాల్లో కలప వాటా తగ్గితే స్థూల మార్జిన్ (సరుకు ఖరీదు పోగా మిగిలేది) శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. కలప చవకైన త్రైమాసికంలో అమ్మకాలు పడి, మార్జిన్ మెరుగుపడితే అది యాజమాన్యం గొప్పా కాదు, గిరాకీ లోపమూ కాదు.

వెయ్యి డాలర్లు దాటిన బిల్లులను కంపెనీ వేరుగా చెబుతుంది. మందగమనాన్ని ముందుగా పసిగట్టేది వీటిలోనే. రంగు డబ్బా, కుళాయి, మేకుల డబ్బా కొనేవాడు ఆగడు. వంటగది మొత్తం పీకి కొత్తది కట్టించుకునేవాడు ఆగుతాడు. పెద్ద బిల్లులు తగ్గుతూ చిన్నవి నిలకడగా ఉంటే జనం చేతిలో డబ్బు ఉంది గానీ అప్పు చేయడానికి జంకుతున్నారని అర్థం. రెండూ తగ్గితే పరిస్థితి అంతకంటే లోతైనది.

వాతావరణం గురించి ఒక మాట చాలు. మొదటి త్రైమాసికం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్, రెండోది మే నుంచి జూలై. వసంతం ఆలస్యమైతే తోట సామగ్రి అమ్మకం మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి జరుగుతుంది. కాబట్టి ఈ రెండింటినీ కలిపే చదవాలి. తుపానులు వచ్చిన ఏడాది ప్లైవుడ్, జనరేటర్లు, కప్పు పెంకులు ఎక్కువ అమ్ముడవుతాయి. రాని ఏడాది ఆ పోలిక ఎదురు తిరుగుతుంది. 2025 మూడో త్రైమాసికం అంచనా తప్పడానికి హోమ్ డిపో చెప్పిన ప్రధాన కారణం తుపానులు రాకపోవడమే.

ఇల్లు చేతులు మారకపోతే

దేశ ఆర్థిక వ్యవస్థ బలహీనంగా ఉండటం వేరు, ఇళ్ల మార్కెట్ గడ్డకట్టడం వేరు. 2023, 2024లలో అమెరికా జీడీపీ పెరిగింది. ఉద్యోగాలూ నిలిచాయి. అయినా ఈ రెండు కంపెనీల పాత స్టోర్ల అమ్మకాలు రెండేళ్లూ తగ్గాయి. కారణం వడ్డీ.

గృహరుణాల సంస్థ ఫ్రెడీ మ్యాక్ లెక్క ప్రకారం 30 ఏళ్ల స్థిర గృహరుణం సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరులో 7.79కి ఎక్కింది. 3 లక్షల డాలర్ల రుణం తీసుకుందాం. 3 శాతం వడ్డీకి నెల వాయిదా దాదాపు 1,265 డాలర్లు, 7 శాతానికి 1,996. పాత రుణం ఉన్న ఇంటిని అమ్మి, అంతే రుణంతో అంతే ఖరీదైన ఇంటికి మారినా నెలకు 730 డాలర్లు అదనంగా పోతాయి. అందుకే ఎవరూ కదల్లేదు. పాత ఇళ్ల అమ్మకాలు 2021లో 61 లక్షలు, 2023లో 40.9 లక్షలు, 2024లో 40.6 లక్షలు. 1995 తర్వాత అంత తక్కువ లేదు.

ఇల్లు చేతులు మారినప్పుడు ఖర్చు రెండుసార్లు జరుగుతుంది. అమ్మేవాడు రంగులు వేయించి, పగుళ్లు పూడ్చి చూపిస్తాడు. కొన్నవాడు నేల మార్పిస్తాడు, వంటగది తిరగ తోడతాడు, కొత్త ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ తెచ్చుకుంటాడు. ఏడాదికి 20 లక్షల ఇళ్లు తక్కువగా చేతులు మారితే ఆ జంట ఖర్చు మొత్తం ఎగిరిపోతుంది. కదలనివాడు ఉన్న ఇంటినే బాగు చేసుకుంటాడన్న వాదన ఉంది. అది సగమే నిజం. పెద్ద పనులకు చాలామంది ఇంటి విలువ మీద అప్పు తీసుకుంటారు, ఆ వడ్డీ కూడా పెరిగింది.

వాయిదా, రద్దు తేడా ఇక్కడే తేలుతుంది. అమెరికాలో ఇళ్ల మధ్యస్థ వయసు 40 ఏళ్లు దాటింది. కారుతున్న కప్పు, చల్లబడిన వాటర్ హీటర్ ఆగవు. వాటి అమ్మకం మందగమనంలోనూ సాగుతుంది. డెక్ (ఇంటి బయట కట్టే చెక్క అరుగు), స్నానాల గది, వంటగది అల్మారాలు ఏళ్ల తరబడి ఆగగలవు. ఇవి వాయిదా పడినవే అయితే వడ్డీ తగ్గినప్పుడు తిరిగొస్తాయి. కానీ కొవిడ్ కాలంలో ఇంట్లోనే ఉండి ముందే చేయించుకున్న పనులు కొన్ని ఉన్నాయి. 2021లో కొత్త డెక్ కట్టించుకున్నవాడికి 2025లో ఇంకొకటి అక్కర్లేదు. 2020 నుంచి 2022 వరకు హోమ్ డిపో పాత స్టోర్ల అమ్మకాలు వరసగా 19.7, 11.4, 3.1 శాతం పెరిగాయి. చక్రవడ్డీలా లెక్కేస్తే మూడేళ్లలో 37 శాతం. తర్వాతి రెండేళ్లలో పోయింది మొత్తం 5 శాతమే. ఇది మాంద్యమా, ముందుగా తిన్న భోజనం అరగడమా అన్నది ఒక్క త్రైమాసికంలో తేలే విషయం కాదు.

మూడు శాతం పడితే పది శాతం ఎలా పోయింది

2023లో హోమ్ డిపో అమ్మకాలు 3 శాతం తగ్గాయి. నిర్వహణ లాభం 24.0 బిలియన్ల నుంచి 21.7 బిలియన్లకు, దాదాపు 10 శాతం తగ్గింది. ఈ తేడాకు మూలం స్థిర వ్యయం. దుకాణం అద్దె, తరుగుదల, కరెంటు, కనీస సిబ్బంది అమ్మకాలతో పాటు తగ్గవు.

2022 నిష్పత్తులను వంద డాలర్ల అమ్మకానికి కుదించి చూద్దాం. సరుకు ఖరీదు పోగా స్థూల లాభం 33.5. దుకాణాలు నడిపే ఖర్చు 18.2. నిర్వహణ లాభం 15.3. ఆ 18.2లో 12 స్థిరమని, 6.2 అమ్మకాలతో పాటు మారేదని అనుకుందాం. ఇది వివరణ కోసం పెట్టుకున్న విభజనే, కంపెనీ ఇచ్చింది కాదు. అమ్మకం 97కి పడితే స్థూల లాభం 32.5, మారే ఖర్చు 6.0, స్థిర ఖర్చు అదే 12. మిగిలేది 14.5. అంటే 3 శాతం తగ్గుదలకు 5 శాతానికి పైగా లాభం పోయింది. మిగతా సగం?

2023 ఫిబ్రవరిలో హోమ్ డిపో గంటల వేతన సిబ్బందికి ఏడాదికి అదనంగా 1 బిలియన్ డాలర్లు చెల్లిస్తామని ప్రకటించింది. 157 బిలియన్ల అమ్మకంపై అది 0.64 శాతం. 14.5లోంచి తీసేస్తే 13.8 మిగులుతుంది, 97 మీద 14.3 శాతం మార్జిన్. కంపెనీ ప్రకటించిన అసలు మార్జిన్ 14.2 శాతం. మార్జిన్ తగ్గుదల 1.1 పాయింట్లలో సగానికి పైగా యాజమాన్యం తెలిసి పెట్టిన వేతన ఖర్చు, మిగతాది గిరాకీ బరువు. రెండింటికీ ఒకే శిక్ష వేయడం సరికాదు. గిరాకీ తిరిగొస్తే స్థిర వ్యయం భారం దానంతటదే తేలికవుతుంది, జీతాలు వెనక్కి రావు. అయితే పాత సిబ్బంది నిలిస్తే దుకాణంలో సేవ మెరుగుపడుతుంది, కొత్తవారికి శిక్షణ ఖర్చు తగ్గుతుంది. ఆ ఫలం ఏ పద్దులోనూ విడిగా కనిపించదు.

ఇంకో పోలికా అవసరం. 2019లో, కొవిడ్‌కు ముందు, ఈ మార్జిన్ 14.4 శాతం. 2023 అంకె పాతాళం కాదు, మామూలు స్థాయి. పోలిక 2022తో పెట్టడం వల్లే పతనంలా కనిపించింది. 2024లో 13.5కి దిగడానికి కారణం పాక్షికంగా ఎస్‌ఆర్‌ఎస్. టోకు సరఫరా వ్యాపారంలో మార్జిన్ సహజంగానే తక్కువ, దానికి తోడు కొనుగోలు వల్ల వచ్చే కనిపించని ఆస్తుల (బ్రాండు, ఖాతాదారుల జాబితా వంటివాటి) తరుగుదల. 'సర్దుబాటు చేసిన' లాభం ఆ తరుగుదలనే తీసేస్తుంది. అది నగదు ఖర్చు కాదన్నది కంపెనీ వాదన. కానీ ఆ ఆస్తి కోసం పోసిన 18.25 బిలియన్లు నగదూ అప్పూ. తరుగుదలను పక్కన పెట్టేవారు ఎస్‌ఆర్‌ఎస్ తెచ్చిన అమ్మకాలను కూడా పక్కన పెట్టి చూస్తే న్యాయం. పెట్టిన పెట్టుబడిపై రాబడి మాత్రం దాపరికం లేకుండా చెబుతుంది: 2022లో 44.6 శాతం, 2023లో 36.7, 2024లో 31.3.

గోదాము ఖాళీ అయినప్పుడు వచ్చే నగదు

2023లో నిర్వహణ లాభం 10 శాతం తగ్గింది. అదే ఏడాది వ్యాపారంలోంచి వచ్చిన నగదు 14.6 బిలియన్ల నుంచి 21.2 బిలియన్లకు ఎగబాకింది. లాభం తగ్గితే నగదు ఎలా పెరుగుతుంది?

సమాధానం సరుకు నిల్వలో ఉంది. 2021 చివర 22.1 బిలియన్లున్న నిల్వ 2022 చివరికి 24.9కి చేరింది. రేవుల్లో ఓడలు ఇరుక్కుపోయిన రోజుల్లో అన్ని కంపెనీల్లాగే ఇదీ ముందుజాగ్రత్తగా ఎక్కువ తెప్పించింది. ఆ ఏడాది అమ్మకాలు 4 శాతమే పెరిగితే నిల్వ 12 శాతానికి పైగా పెరిగింది. ఏడాదికి 5.2 సార్లు తిరిగే సరుకు 4.2 సార్లకు పడింది. రోజుల్లో చెప్పాలంటే 70 రోజుల్లో అమ్ముడయ్యే వస్తువు 87 రోజులు అరల్లో ఉంది. 2023లో కంపెనీ నిల్వను 21.0 బిలియన్లకు దించింది. ఆ దాదాపు 4 బిలియన్లు నగదుగా మారి వచ్చాయి. ధాన్యపు కొట్టు ఖాళీ చేసి అమ్మిన డబ్బు లాంటిది అది. మంచిదే, కానీ మరుసటి ఏడాది మళ్లీ రాదు. అనుకున్నట్టే 2024లో నగదు 19.8 బిలియన్లకు తగ్గింది. కాబట్టి మందగమనంలో ఒక్క ఏడాది నగదు చూసి డివిడెండ్‌కు ఢోకా లేదని తీర్మానించడం తొందరపాటు. రెండు మూడేళ్ల సగటు చూడాలి.

నిల్వ పరిమాణంతో పాటు రకం కూడా ముఖ్యం. మేకులు, పైపులు, సిమెంటు బస్తాలు వచ్చే ఏడాదీ అవే. తోట కుర్చీలు, గ్రిల్లులు, పండగ అలంకరణలు సీజన్ దాటితే తగ్గింపు ధరకు వదిలించుకోవాలి. నిల్వ పెరిగి, మరుసటి త్రైమాసికంలో స్థూల మార్జిన్ తగ్గితే ఆ వదిలించుకోవడం మొదలైందని గుర్తు. హోమ్ డిపో విషయంలో అది జరగలేదు. స్థూల మార్జిన్ 33.5, 33.4, 33.4 అంటూ మూడేళ్లూ కదల్లేదు. మందగమనమంతటిలో దీన్నే అన్నిటికన్నా బలమైన సంకేతంగా తీసుకోవచ్చు. జనం కోసం ధర కోసుకోవాల్సిన స్థితి రాలేదన్నమాట.

2008 కాదు, ఎందుకు కాదంటే

ఇళ్ల మార్కెట్ అనగానే 2008 గుర్తొస్తుంది. అప్పటి అంకెల పక్కన పెట్టి చూస్తే ఇప్పటిది ఎంత చిన్నదో తెలుస్తుంది. హోమ్ డిపో పాత స్టోర్ల అమ్మకాలు 2007లో 6.7, 2008లో 8.7, 2009లో 6.6 శాతం పడ్డాయి. మూడేళ్లలో అయిదో వంతు ఆవిరైంది. 2005లో 11 శాతానికి పైగా ఉన్న నిర్వహణ మార్జిన్ 2008లో 6.1కి దిగింది. ఇళ్ల ధరలు శిఖరం నుంచి పావు వంతుకు పైగా పడ్డాయి, నిరుద్యోగం 2009 అక్టోబరులో 10 శాతానికి చేరింది. ఇంటి విలువే అప్పు కంటే తక్కువైనప్పుడు ఎవరూ దానికి రంగు కూడా వేయించరు. 2023 తర్వాత సీన్ తలకిందులు. ధరలు శిఖరాల దగ్గరే ఉన్నాయి, కొనేవారూ అమ్మేవారూ మాత్రం కదలడం లేదు. ఇంట్లో విలువ ఉంది, దాన్ని బయటికి తీసే దారి ఖరీదైంది.

2009లో ఇంకో పాఠం ఉంది. ఆ ఏడాది అమ్మకాలు 7 శాతం తగ్గి 66.2 బిలియన్లకు పడ్డాయి. నికర లాభం మాత్రం 2.26 బిలియన్ల నుంచి 2.66 బిలియన్లకు పెరిగింది. అంతకుముందు ఏడాది కొన్ని స్టోర్లు మూసి, కట్టాల్సిన యాభై స్టోర్ల ప్రణాళిక రద్దు చేసి, ఎక్స్‌పో డిజైన్ సెంటర్ల గొలుసును ఎత్తేసినందుకు దాదాపు 0.95 బిలియన్ ఖర్చు రాసుకున్నారు. ఆ పద్దు మళ్లీ రాకపోవడం, దుకాణాల ఖర్చు తగ్గించుకోవడం కలిసి లాభాన్ని లేపాయి. గిరాకీ ఇంకా పడుతుండగానే లాభం అడుగు తాకి పైకి లేచింది. అమ్మకాలు పెరిగేదాకా ఆగుదామనుకున్నవారు ఆ మలుపును చూడలేదు.

అన్ని కంపెనీలూ ఇలా గట్టెక్కవు. ఒకే రకం పెద్ద ఖర్చు సరుకు అమ్మేవారికి దెబ్బ సూటిగా తగులుతుంది. నేల పలకలు అమ్మే ఎల్‌ఎల్ ఫ్లోరింగ్ 2024 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది. చిన్న హార్డ్‌వేర్ దుకాణాలకు టోకు సరఫరా చేసే ట్రూ వాల్యూ అదే ఏడాది అక్టోబరులో అదే దారి పట్టింది. కుళాయి వాషర్ నుంచి ఫ్రిజ్ దాకా అమ్మే పెద్ద దుకాణానికి ఉన్న మెత్తటి నేల వీరికి లేదు.

లోవ్స్‌లో షేరు లాభం చూసేటప్పుడు

లోవ్స్ షేరుపై లాభం 2022లో 10.17 డాలర్లు, 2023లో 13.20. అమ్మకాలు పడుతుండగా 30 శాతం పెరుగుదల! ఇది నమ్మదగినది కాదని ముందు చెప్పిన లెక్కలే అనుమానం కలిగించాలి. 2022లో కెనడా వ్యాపారం విలువను తగ్గించి రాసుకోవడంతో ఒక త్రైమాసికంలోనే 2.1 బిలియన్లు పోయాయి. అలాంటివి తీసేస్తే 13.81 నుంచి 13.09కి, 5 శాతం తగ్గుదల. పాత స్టోర్ల 4.7 శాతానికి ఇది సరిపోతుంది. హోమ్ డిపోలో సర్దుబాటు అంకెను అనుమానంగా చూడాలి, ఇక్కడ సర్దుబాటు అంకెనే నమ్మాలి. దేన్ని సర్దుబాటు చేశారన్నదే చూడాల్సింది: కెనడా నష్టం ఒక్కసారి వచ్చి పోయింది, కొనుగోళ్ల తరుగుదల ఏటా వస్తుంది.

దీనిలో బైబ్యాక్ పాత్ర కూడా ఉంది. 2021, 2022 రెండేళ్లలో లోవ్స్ 27 బిలియన్ డాలర్లకు పైగా పెట్టి సొంత షేర్లు కొంది. లాభం తగ్గినా పంచుకునే షేర్లు తగ్గితే ఒక్కో షేరు వాటా నిలుస్తుంది. అందుకే మొత్తం నిర్వహణ లాభం ముందు, షేరు లాభం తర్వాత చూడాలి. ఈ కొనుగోళ్ల వల్ల లోవ్స్ వాటాదారుల నిధులు సున్నా కిందికి వెళ్లాయి. ఈక్విటీపై రాబడి, పుస్తక విలువ నిష్పత్తులు ఈ కంపెనీకి అర్థం లేనివి. వాటిని యాంత్రికంగా లెక్కేసే స్క్రీనర్లు (షేర్లను జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్లు) దీన్ని దివాలా కంపెనీగానో, అద్భుతంగానో చూపిస్తాయి. హోమ్ డిపో ఎస్‌ఆర్‌ఎస్ కోసం 2024 మార్చిలోనే బైబ్యాక్ ఆపేసింది. ఆ ఊతకర్ర లేకుండా వచ్చిన షేరు లాభాన్ని ఊతకర్రతో వచ్చినదానితో పోల్చకూడదు.

అప్పు మీద పోయే సరుకు

రెండు కంపెనీలూ ఇప్పుడు కాంట్రాక్టర్ల వైపు నడుస్తున్నాయి. 2025లో లోవ్స్ కూడా ఫౌండేషన్ బిల్డింగ్ మెటీరియల్స్ అనే సరఫరా సంస్థను 8.8 బిలియన్లకు కొంది. గల్లా పెట్టె దగ్గర కార్డు గీకే గృహస్థుకూ కాంట్రాక్టర్‌కూ ఒక తేడా ఉంది. కాంట్రాక్టర్‌కు సరుకు ముందు వెళ్తుంది, డబ్బు తర్వాత వస్తుంది. హోమ్ డిపోకు రావలసిన బకాయిలు 2023 చివర 3.3 బిలియన్లు, ఎస్‌ఆర్‌ఎస్ కలిశాక 2024 చివర 4.9 బిలియన్లు. కంపెనీ సైజుకు ఇది పెద్ద మొత్తం కాదు. కానీ మందగమనంలో ముందు మునిగేది చిన్న కాంట్రాక్టరే. ఇకపై ఫలితాల్లో అమ్మకాల కంటే బకాయిలు వేగంగా పెరుగుతున్నాయా అన్న వరుసను కూడా చదవాల్సి ఉంటుంది. నిన్నటిదాకా ఈ వ్యాపారంలో ఆ ప్రశ్న పెద్దగా లేదు.

అంచనాను మించారంటే ఏ అంచనాను?

2024 ఫిబ్రవరిలో హోమ్ డిపో ఆ ఏడాది పాత స్టోర్ల అమ్మకాలు సుమారు 1 శాతం తగ్గుతాయని చెప్పింది. ఆగస్టులో దాన్ని 3 నుంచి 4 శాతం తగ్గుదలకు మార్చింది. నవంబరులో సుమారు 2.5 శాతమంది. చివరికి వచ్చింది 1.8. ఆగస్టు అంకెతో పోలిస్తే ఇది విజయం, ఫిబ్రవరి అంకెతో పోలిస్తే వైఫల్యం. మందగమనంలో యాజమాన్యాలు గీతను కిందికి జరిపి దాన్ని దాటడం అలవాటు. అందుకే ఏడాది మొదట ఇచ్చిన మాటను రాసి పెట్టుకుని, ఏడాది చివర దానితోనే పోల్చాలి.

షేరు ధరను లాభంతో భాగించే పీఈ నిష్పత్తి ఇలాంటి కాలంలో తలకిందులుగా పనిచేస్తుంది. లాభం అడుగున ఉన్నప్పుడు షేరు ఖరీదైనట్టు, శిఖరాన ఉన్నప్పుడు చవకైనట్టు కనిపిస్తుంది. 2022 నాటి 16.69 డాలర్ల లాభంతో భాగించినవారికి హోమ్ డిపో చవక. దీనికి విరుగుడు మామూలు ఏడాది మార్జిన్ ఊహించి లెక్కేయడం. ఎస్‌ఆర్‌ఎస్ కలిసిన 159.5 బిలియన్ల అమ్మకానికి 13.5 శాతం వేస్తే నిర్వహణ లాభం 21.5 బిలియన్లు. 2019 నాటి 14.4 శాతం వేస్తే 23.0 బిలియన్లు. ఆ ఒకటిన్నర బిలియన్ తేడాలో టోకు వ్యాపారం శాశ్వతంగా తగ్గించిన మార్జిన్ ఎంతో, ఇళ్లు మళ్లీ చేతులు మారితే తిరిగొచ్చేది ఎంతో విడదీయగలిగినవారి చేతిలోనే ధర గురించి మాట్లాడే ఆధారం ఉంటుంది.